అందరికన్నా ముందు పోయే బండి

మహిమ నడింట్లో చాప పరుచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇంటి బియ్యం కాదవి, సవారి బియ్యం. ఏటా జనవరి చివర్లో ఆమె భర్త తిమోతి ఓ పదిహేనుమందిని వెంటేసుకుని మోటారు సైకిళ్ల మీద కరీంనగర్ నుంచి బయలుదేరి, నిర్మల్ మీదుగా ఉట్నూర్ అడవుల దాకా పోయి వస్తాడు. చలికి వణికే హాస్టలు పిల్లలకు దుప్పట్లు, స్వెట్టర్లు పంచుతారు. దారిలో కొయ్యబొమ్మలు చేసేవాళ్ల దగ్గర ఒక పూట, ఇత్తడి పోత పోసేవాళ్ల దగ్గర రెండు రోజులు ఆగి, వాళ్ల పక్కన కూర్చుని తమ చేతులతో ఏదో ఒకటి చేసి నేర్చుకుంటారు. దానికి 'సేవా సవారి' అని పేరు పెట్టాడు తిమోతి. కాలేజీలో కామర్సు చెప్పే లెక్చరర్ కంటే సవారి సారుగానే ఊళ్లో ఆయన ఎక్కువమందికి తెలుసు. పదేళ్లుగా ఆ సవారికి మిరప్పొడి పట్టించింది, పచ్చళ్లు పెట్టింది, దుప్పట్లు మడిచి మూటలు కుట్టింది మహిమే. సవారి మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తిమోతి ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

"గంగయ్య కాలు ఇరిగిందట. బాత్రూంల జారిపడ్డడు. ఇగ ఈసారి వంటకు నువ్వే రావాలె," అన్నాడు.

మహిమ చేటలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే మొహంలో సంతోషం బయటపడిపోతుందని భయం. ఒక మనిషి కాలు విరిగితే సంతోషపడటం పాపమని తెలుసు. అయినా వేళ్లు ఆగిపోయాయి. మూడో ఏడో నాలుగో ఏడో ఒకసారి అడిగింది, "నేను గూడ రానా?" అని. తిమోతి నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "అది సేవ మహిమా, షికారు గాదు. నువ్వొస్తే అవ్వను ఎవరు చూస్తరు?" అన్నాడు. అవ్వ అంటే అత్తగారు దెబోరమ్మ. అప్పటికి ఆమె తన పని తాను చేసుకునేది, ఆదివారం చర్చికి నడిచి పోయి వచ్చేది. ఇప్పుడు ఎనభై దాటాయి, మంచం దిగాలంటే ఒకరు చెయ్యి అందించాలి. అప్పుడు దొరకని మనిషి ఇప్పుడు దొరికింది. తిమోతి మళ్లీ ఫోను తీసి మంచిర్యాలలో ఉన్న చెల్లెలు ప్రిస్కిల్లాతో రెండు నిమిషాలు మాట్లాడి, "అది వస్తదట. ఎనిమిది దినాలు ఉంటదట," అని తేల్చేశాడు. పదేళ్లు కుదరనిది రెండు నిమిషాల్లో కుదిరింది. గంగయ్య కాలికి ఉన్నపాటి విలువ తన నోటికి లేకపోయిందే అనుకుంది మహిమ. అనుకుని, మళ్లీ రాళ్లు ఏరడంలో పడింది.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో కుట్టుపని టీచరు. పన్నెండేళ్ల నుంచీ టెంపరరీయే. సెలవు అడగడానికి పోతే ప్రిన్సిపాలు కాగితం చూడకుండానే అన్నాడు: "ఎనిమిది దినాలంటే జీతం కట్ అయితది మేడం. అయినా మీకేంది, సార్ నౌకరి ఉన్నది. మీరేదో ఇంట్ల పొద్దు పోక వస్తున్నరు." పొద్దు పోక! ఇంట్లో ఆమె పొద్దు ఎట్లా పోతుందో ఒక్కరోజు వచ్చి చూడమని అనాలనిపించింది. నవ్వి, సంతకం తీసుకుని వచ్చేసింది. ఇట్లా నవ్వడం ఆమెకు ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు.

బయలుదేరే రోజు పొద్దున తొమ్మిదింటికి చర్చి ముందర ప్రార్థన, రిబ్బను కత్తిరించడం, అందరూ వరసగా నిలబడి ఫోటో. మహిమ దానికోసం నీలం చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. తీరా చూస్తే వంట సామాను వేసుకుపోయే ట్రాలీ అయిదున్నరకే కదలాలట. సవారి జగిత్యాల దాటేసరికి టిఫిన్ తయారుగా ఉండాలి కదా. నీలం చీర సంచి అడుగునే ఉండిపోయింది. గిన్నెలు, సిలిండర్లు, దుప్పట్ల మూటలు వెనక; ముందర డ్రైవర్ సిద్దిరాములు పక్కన మహిమ. కొండగట్టు దగ్గరకు వచ్చేసరికి మంచు ఇంకా విడవలేదు. సిద్దిరాములు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చెయ్యి గుట్ట వైపు ఎత్తి అంజన్నకు దండం పెట్టుకున్నాడు.

"జర ఆపాల్నా మేడం? చాయ్ తాగుదురు. మీరు ఎన్నడు రాలే కద గీ దిక్కు," అన్నాడు.

"వద్దు సిద్దిరాములూ. ఉప్మా ఆలస్యమైతది."

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆపమంటే ఆపేవాడు. పది నిమిషాలకు ఏ ఉప్మా మాడిపోదు. పక్కన తిమోతి లేడు, అత్తమ్మ లేదు. వద్దన్నది తనే. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లుగా ఎవరో ఒకరు వద్దంటూ వస్తే, ఆఖరికి ఆ ఎవరో ఒకరు తనలోనే వచ్చి కాపురం పెట్టారు కాబోలు.

తర్వాత నాలుగు రోజులూ అదే తీరు. అందరికన్నా ముందు పోవాలి, అందరికన్నా వెనక నడుం వాల్చాలి. పొయ్యి పెట్టడానికి జాగా చూసుకోవాలి, నీళ్లు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. బుల్లెట్ బండ్ల చప్పుడు వినపడేసరికి అన్నం దించి ఉండాలి. వాళ్లు హెల్మెట్లు తీసి, ఒళ్లు విరుచుకుని, "అబ్బ, ఆ ఘాటు రోడ్డు చూసినారా!" అంటుంటే వింటూ వడ్డించాలి. ఆ ఘాటు రోడ్డు మీదుగానే తనూ వచ్చింది. పులుసు గిన్నె ఒలకకుండా కాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్న మనిషికి లోయ ఎట్లా కనపడుతుంది? నడుమ నడుమ ప్రిస్కిల్లా ఫోన్లు. "వదినా, గ్యాసు పాసుబుక్కు ఏడ పెట్టినవ్?" "వదినా, అవ్వ జావ తాగుతలేదు, ఉప్పు ఎంతేస్తవ్?" మహిమ ఒక చేత్తో గరిటె తిప్పుతూ భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టుకుని జవాబు చెప్పేది. ఇల్లు దాటి వచ్చాననుకుంది గానీ, ఇంటిని కూడా ట్రాలీలో వేసుకుని వచ్చినట్టే ఉంది.

నిర్మల్‌లో బొమ్మల పని దగ్గర అందరూ నేల మీద వరసగా కూర్చుని తేలిక కొయ్యతో చేసిన చిలకలకు రంగులు వేస్తున్నారు. మహిమ చాయ్ గ్లాసులు అందిస్తూ ఒక చోట నిలబడిపోయింది. ముసలి పనివాడొకడు కుంచెను ఒక్కసారి తిప్పితే చాలు, రెక్క లేచి నిలబడుతోంది. ఆమె వేళ్లు తమంతట తామే కదిలాయి. తిమోతి దగ్గరకు పోయి మెల్లగా అడిగింది.

"నేను గూడ జర సేపు కూసోనా?"

"నువ్వు కూసుంటే పప్పు ఎవరు చూస్తరే?" అన్నాడు, అందరికీ వినపడేట్టు, నవ్వుతూ. కొందరు నవ్వారు. "మేడం చేసే గుత్తొంకాయ గూడ ఒక కళనే," అని ఒకాయన మెచ్చుకోలుగా అన్నాడు. మహిమ కూడా నవ్వింది. ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్లింది.

నవ్వని మనిషి ఒక్కతే, జ్యోతిరాణి. అరవై దగ్గర పడిన మనిషి, హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైంది. పుట్టింది మాత్రం గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో. ఈసారి దుప్పట్లన్నీ ఆమె ఇప్పించినవే. బుల్లెట్ నడిపే వయసు కాదు కాబట్టి ఇంకొకరి వెనక కూర్చుని వచ్చింది. తిన్న పళ్లెం తను కడుక్కునేది ఆ పదిహేనుమందిలో ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు మహిమ 'సార్ వాళ్ల మేడం', లేకపోతే 'ఆంటీ'. జ్యోతిరాణి మాత్రం మొదటిరోజే అడిగింది, "మీ పేరేంది?" అని. పేరు చెప్పడానికి మహిమకు ఒక్క క్షణం పట్టింది.

అయిదో రోజు జైనూరు దాటి అడవి అంచున ఉన్న చిన్న పల్లెకు చేరారు. ఇరవై ఇళ్లు ఉంటాయేమో. ఇత్తడి పోత పోసే కుటుంబాలవి. అతిథుల ముందర చాప మీద కూర్చుని పని చూపించేది ఇంటాయన. ఎప్పుడో ఎవరో ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి గోడకు తగిలించి ఉంది. మహిమ నీళ్లకోసం ఇంటి వెనక్కి పోతే అక్కడ ఆయన భార్య మైనాబాయి ఎండలో కూర్చుని మైనం ముద్దను చెక్క గొట్టంలోంచి ఒత్తి దారాలు తీస్తోంది. పక్కన పదహారు మట్టి పిట్టలు ఎండుతున్నాయి.

"పదిహేనుమందే కదమ్మా మావోళ్లు?" అంది మహిమ.

"ఒకటి పలుగుతది అని ఎక్కువ చేసిన తాయీ," అంది మైనాబాయి. ఆమె తెలుగులో సగం మరాఠీ పలికేది. తాయీ అంటే అక్కా అని. "పొద్దుగాల మట్టి నేను పిసికిన, పెండ నేను కలిపిన, మైనం నేను తీస్తున్న. ఆయన ముందర కూసొని దారం చుడతడు. పేరు ఆయనది." కోపంతో అన్నమాట కాదు. ఆకాశం నీలంగా ఉంది అన్నట్టే అంది.

పని పద్ధతి కూడా ఆమే చెప్పింది. మట్టి పిట్ట మీద మైనం దారాలతో కళ్లూ రెక్కలూ ఈకలూ అన్నీ తీర్చాలి. దాని మీద మళ్లీ మెత్తటి మట్టి పూసి, ఒక చిన్న తొర్ర వదిలి, బట్టీలో పెట్టాలి. వేడికి మైనం కరిగిపోతుంది. అది ఉన్న జాగాలోకి కరిగిన ఇత్తడి పోతుంది. చల్లారాక పై మట్టి పగలగొడితే లోపల మనం మైనంతో ఏం చేశామో అదే, ఇత్తడిగా.

"నువ్వు చెయ్యవా?" అని పదహారో పిట్టను ఆమె చేతిలో పెట్టింది మైనాబాయి.

"నాకు వంటున్నది."

"అన్నం ఉడికేదాక కూసో. ఉడుకుతున్న అన్నం ముందర నిలబడితే జల్ది ఉడుకుతదా?"

మహిమ కూర్చుంది. మైనం దారం వేళ్లమధ్య సూది దారంలాగే ఉంది గానీ, ఇది వెచ్చగా ఉంది, ఎట్లా వంచితే అట్లా వింటోంది. ఇంటాయన ముందర అందరికీ నేర్పుతున్నట్టు చుట్లు చుట్లుగా కాకుండా, తనకు తెలిసినట్టు రెక్క మీద గొలుసు కుట్టు వేసింది. పన్నెండేళ్లు ఆడపిల్లలకు నేర్పిన కుట్టు. ఒక గొలుసులోంచి ఇంకో గొలుసు, మెడ నుంచి తోక దాకా. అన్నం దించి వచ్చింది, మళ్లీ కూర్చుంది. పప్పు తిరగమోత పెట్టి వచ్చింది, మళ్లీ కూర్చుంది. ప్రిస్కిల్లా ఫోను మోగితే చెయ్యంతా మైనం, ఎత్తలేదు. అది మోగి మోగి ఆగింది. ప్రపంచం ఏమీ మునగలేదు. ఎవరు పిలిచినా పలకనక్కరలేని ఒక గంట ఆమెకు పెళ్లయిన తర్వాత దొరకడం అదే మొదటిసారేమో. ఆ గంటలో ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచించకపోవడం ఎంత విశ్రాంతి!

మైనాబాయి ఆ రెక్కను చూసి వేలితో తడిమింది. "గిట్ల మా ఊర్ల ఎవ్వరు వెయ్యలే," అంది. తిరుగులేని మెచ్చుకోలు. మహిమ చెవులు వేడెక్కాయి.

మరునాడు అందరూ దుప్పట్లు పంచడానికి హాస్టలుకు పోయారు. ఇక్కడ బట్టీ రాజేశారు. మధ్యాహ్నానికి అచ్చులు చల్లారాయి. ఇంటాయన ఒక్కొక్కటే పగలగొట్టి గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. పదిహేను పిట్టలు వచ్చాయి. జ్యోతిరాణి చేసినది మంటలోనే పగిలి, ఇత్తడి కారిపోయి ముద్దయింది. మహిమ పిట్టను మైనాబాయి కుంచెతో మట్టి దులిపి, గరుకు కాగితంతో రుద్ది చేతికిచ్చింది. బరువుగా ఉంది. గొలుసు కుట్టులో ఒక్క గొలుసు కూడా తెగలేదు. తోక దగ్గర మైనం చాలక చివరి గొలుసు సగంలోనే ఆగింది. ఆ సగం కూడా ఉన్నదున్నట్టు వచ్చింది.

తిమోతి మిగతావాళ్లకంటే ముందు వచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. చుట్టూ చూసి, నేరుగా మహిమ దగ్గరకు వచ్చి చేతిలోంచి పిట్టను తీసుకున్నాడు. లాక్కోలేదు. ఇంట్లో ఉప్పుడబ్బా తీసుకున్నట్టు తీసుకున్నాడు.

"అది నేను చేసిన," అంది మహిమ.

"తెలుసులే. జ్యోతిరాణి మేడంది పలిగిందట. అందరికి వచ్చి ఆమెకు రాకుంటే ఏం బాగుంటది? దుప్పట్లన్ని ఆమెయే. మనింట్ల పెట్టుకుంటే దుమ్ము పట్టుడే కద."

ఆయన గొంతులో చెడ్డతనం ఏమీ లేదు. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. దొంగిలిస్తున్నానని ఆయనకు తెలిస్తే కదా! ఆమె చేసిన కూర ఆయన చుట్టాలకు పోయినట్టు, ఆమె కుట్టిన మూటలు సవారికి పోయినట్టు, ఇదీ పోవలసిన చోటికి పోతోందని మనసారా నమ్ముతున్నాడు.

సాయంత్రం చాయ్ దగ్గర జ్యోతిరాణి పిట్టను చేతిలో తిప్పి తిప్పి చూసుకుంది. "ఇంత మంచిగ వచ్చిందా! నేను చేసినప్పుడు గిట్ల లేకుండె." "మంటల కాలినంక మారుతది మేడం," అన్నాడు తిమోతి. ఇంటాయన నేల చూశాడు. మైనాబాయి ఖాళీ గ్లాసులు కడుగుతున్న మహిమ పక్కన వచ్చి కూర్చుని, తనూ ఒక గ్లాసు అందుకుంది.

"వచ్చే ఏడు మళ్లొస్తవా తాయీ?"

మహిమ కడిగిన గ్లాసు బోర్లించింది. వచ్చే ఏటికి గంగయ్య కాలు అతుక్కుంటుంది.

ఏడో రోజు మధ్యాహ్నం ఉట్నూర్‌లో ముగింపు కూటం. ఒక స్కూలు హాలు అడిగి తీసుకున్నారు. తిమోతి చిన్న ప్రార్థన చేసి, ఏటా చేసినట్టే ఒక్కొక్కరినీ లేచి సాక్ష్యం చెప్పమన్నాడు. సవారి మీకు ఏం నేర్పింది? ఒకాయన అడవిలో ఫోన్ సిగ్నల్ లేక మనశ్శాంతి దొరికిందన్నాడు. ఒకమ్మాయి, ఇక్కడి ఆడవాళ్లు ఎంత చాకిరీ చేస్తారో చూసి కళ్లు తెరుచుకున్నాయని చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది. మహిమ హాలు వెనక తలుపు దగ్గర నిలబడి, పెరుగన్నంలోకి అల్లం తరుగుతూ విన్నది.

జ్యోతిరాణి లేచింది. పిట్టను అందరికీ కనపడేట్టు ఎత్తి పట్టుకుంది.

"మా బాపు బాయిల పని చేసిండు. ముప్పై ఏండ్లు బొగ్గు తవ్విండు. నేను చదువుకొని ఆఫీసుల కూసున్న, కాయితాల మీద సంతకాలు పెట్టిన. అరవై ఏండ్లకు మొదటిసారి నా చేతులతోటి ఒక వస్తువు చేసిన. ఇగో, గీ రెక్క చూడుండ్రి. నా చేతిల గింత పని ఉన్నదని నాకే తెల్వదు." అందరూ చప్పట్లు కొట్టారు.

మహిమ చేతిలో కత్తి ఆగింది. పోనీలే అనుకుంది. మంచి మనిషి. పళ్లెం కడుక్కున్న మనిషి. పేరు అడిగిన మనిషి. ఆమె సంతోషాన్ని పదిమందిలో కూలదోసి ఏం బావుకుంటాను? అయితే ఇన్నేళ్లూ ఇట్లాగే కదా అయింది. ఎప్పుడూ ఎదుట ఎవరో ఒక మంచి మనిషే. అత్తమ్మ మంచిది, ముసలిది. ప్రిన్సిపాలు మంచివాడు, ఆయన కష్టాలు ఆయనవి. తిమోతి పదిమందికి దుప్పట్లు కప్పేవాడు. ఇంతమంది మంచివాళ్ల మధ్య ఒక మనిషి ఎట్లా కరిగిపోతుందో ఏ సాక్ష్యంలో చెబుతారు? ఇప్పుడు పోనీలే అంటే ఆ రెక్క మీది గొలుసు కుట్టు తనది కాదు. రేపు తన వేళ్లు కూడా తనవి కావు.

కత్తి పక్కన పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. వరసల మధ్య నుంచి ముందుకు నడిచింది. వంటకు ఏదో కావాలేమోనని తిమోతి అడుగు ముందుకు వేశాడు.

"మేడం," అంది మహిమ జ్యోతిరాణితో. గొంతు తను అనుకున్నంత మెల్లగా లేదు. "మీరు చేసినది బట్టీల పలిగింది. గిది నేను చేసిన. రెక్క మీదది గొలుసు కుట్టు, నేను స్కూల్ల చెప్తా. తోక కాడ సగం కుట్టే ఉంటది, మైనం సరిపోలే. నాది నాకియ్యుండ్రి."

జ్యోతిరాణి పిట్టను తిప్పి తోక చూసింది. తర్వాత తిమోతిని చూసింది. ఆయన మొహంలో నెత్తురు లేదు. ఆమె వచ్చి పిట్టను మహిమ అరచేతిలో పెట్టి, ఆ చేతిని మూసింది.

"అప్పుడే ఎందుకు చెప్పలే తల్లీ?"

"ఎవ్వరు అడగలే," అంది మహిమ.

జ్యోతిరాణి పోయి తన కుర్చీలో కూర్చుంది. తర్వాత ఎవరి సాక్ష్యమూ సరిగా సాగలేదు. మహిమ వెనక్కి వచ్చి పెరుగన్నం కలిపింది. వడ్డించింది కూడా. పదిహేనుమందిలో చాలామంది ఆమె వంక చూడకుండా తిన్నారు. ఆమెకు గెలిచినట్టు లేదు. ఇన్నాళ్లూ ఒక్కతే చీకట్లో ఉన్న గదిలోకి పదిమందినీ పిలిచి దీపం వేసినట్టుంది. గది ఎంత ఇరుకో ఇప్పుడు అందరికీ కనపడింది, తనకు కూడా.

తిమోతి గిన్నెల దగ్గరకు వచ్చి పళ్లు బిగించి అన్నాడు: "పదేండ్ల నా ఇజ్జత్ తీసినవ్. ఒక్క ఇత్తడి ముక్కకోసం. ఇంటికి పోయినంక మాట్లాడుదాం."

ఇంటికి పోయినంక. ఆ మాటతో ఇల్లంతా ఆమె కళ్ల ముందుకు వచ్చింది. తిమోతి మాట్లాడడు, అదే ఆయన మాట్లాడటం. నెలరోజులు ఉప్పు లేదన్న మాట కూడా గోడకే చెబుతాడు. ప్రిస్కిల్లా అవ్వకు చెబుతుంది, అవ్వ ప్రార్థనలో దేవుడికి చెబుతుంది, "ప్రభువా, మా కోడలికి లోబడే మనసియ్యి" అని, మహిమ వినేట్టు. ఆ నెల గడవడానికి తను ఏం చేస్తుందో కూడా తెలుసు. ఏదో ఒక పొద్దున, "తప్పయింది, జర మాట్లాడుండ్రి" అంటుంది. ఎప్పుడూ అన్నది అదే. పిట్ట అప్పుడు నిజంగానే అలమారలో దుమ్ము పట్టిపోతుంది.

మరునాడు పొద్దున సిద్దిరాములు ట్రాలీలో సామాను కట్టి తాడు బిగించాడు. ఎప్పటిలాగే ముందు పోవలసింది ఆ బండే. మహిమ సంచి ఒకటి పట్టుకుని దాని పక్కన నిలబడింది గానీ ఎక్కలేదు. బుల్లెట్ మీద చేతిగుడ్డ వేసి తుడుస్తున్న తిమోతి దగ్గరకు నడిచింది.

"నేను గీ బండిల వస్తలేను."

తిమోతి చుట్టూ చూశాడు. అవతల జ్యోతిరాణి, మిగతావాళ్లు హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. నిన్నటి తమాషా మళ్లీ జరగకూడదనుకున్నాడేమో, గొంతు తగ్గించి, మొహాన నవ్వు తెచ్చుకుని వెనక సీటు తట్టాడు. "సరే, ఎక్కు. నా ఎనుక కూసో. గింతదానికి అలుగుడెందుకు?"

"అలుగుతలేను. జైనూరు జీపు ఉన్నది. మైనాబాయి కాడికి పోతున్న."

"ఎందుకు?"

"పని నేర్చుకోనీకె."

"పిచ్చి లేసిందా? వంటెవరు చేస్తరు దారిల?"

"దారి పొంటి హోటళ్లున్నయి."

అడగవలసిన ప్రశ్నలు ఎన్నో ఉండగా ఆయనకు దొరికింది ఒకటే. "అవ్వకు నేనేమని చెప్పాలె?"

"మీరు ఆమె కొడుకు కద. మీకు తోచింది చెప్పుండ్రి," అంది మహిమ. తిట్టినట్టు అనలేదు. ఆ ముసలామెకు ఒక కొడుకు కూడా ఉన్నాడని ఆమెకే అప్పుడు గుర్తొచ్చినట్టు అంది.

జీపుల అడ్డా దాకా నడిచే ఆ వంద గజాలూ వెనక బుల్లెట్ స్టార్టయి తనవైపు వస్తుందని ఎదురుచూసింది. వస్తే ఆగిపోతానేమోనని భయపడింది. రాలేదు. స్కూలు సెలవు మిగిలింది ఇంక ఒక్కరోజే. ఆ తర్వాత నౌకరి ఉంటుందో లేదో తెలియదు. తను తిరిగిపోయేసరికి గడపలో ఎన్ని మాటలు కాచుకుని ఉంటాయో మాత్రం తెలుసు. తిరిగి పోవలసిందే అని కూడా తెలుసు. మైనాబాయి ఇల్లు స్వర్గమేమీ కాదు, అక్కడా గోడ మీద పేరు మొగుడిదే. ఇదంతా తెలిసే నడిచింది.

జీపు అప్పటికే నిండింది. కూరగాయల గంపలు, ఒక మేక, నలుగురు గోండు ఆడవాళ్లు. మహిమ వాళ్ల మధ్య ఒదిగి, సంచి ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని కూర్చుంది. డ్రైవరు వెనక్కి తిరిగి కొత్త మొహాన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవలింటికి పోతున్నవమ్మా?"

పుట్టింటి నుంచి అత్తింటికి, అత్తింటి నుంచి చుట్టాలింటికి, ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఎప్పుడూ ఒక మగవాడి పేరు తయారుగా ఉండేది. ఇప్పుడు వెతుక్కుంది. దొరకలేదు.

"ఎవలింటికి గాదు," అంది మహిమ. "నా పని మీద పోతున్న."